ఎక్స్11 టూల్‌కిట్‌ను వేరే కంపెనీల వర్క్‌స్టేషన్ల మీదికి తేవడం: సమగ్ర మార్గదర్శి

గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల కమీషన్ కొట్లలో వాడే కాటా చీటీ తెర ఒకటి తలుచుకోండి. రైతు పేరు, ఊరు, రకం, టిక్కీలు (బస్తాలు), బరువు అని ఐదు గళ్లు. కింద "చీటీ తీయి", "రద్దు" అని రెండు బటన్లు. మూలన ఒక ఎర్ర మిరపకాయ బొమ్మ. ఈ వ్యాసమంతటా పరీక్షకు ఈ ఒక్క తెరే వాడతాం. దీని వెనక సి భాషలో రాసిన సొంత టూల్‌కిట్ (బటన్లు, గళ్లు గీసే కోడు) ఉందనుకుందాం. యూనిక్స్ మెషీన్లలో తెర మీద కిటికీలు చూపే ఎక్స్11 వ్యవస్థతో అది ఎక్స్‌లిబ్ అనే లైబ్రరీ ద్వారా మాట్లాడుతుంది. 32 బిట్ల ఇంటెల్ పీసీ మీద పుట్టి అక్కడే పెరిగింది. ఇప్పుడది 64 బిట్ల ఆర్మ్ బోర్డు మీద, యజమాని గారి మ్యాక్ మీద, అవసరమైతే పాత సన్ కంపెనీ స్పార్క్ ప్రాసెసర్ పెట్టె మీద, ఐబిఎం వాళ్ల యూనిక్స్ అయిన ఏఐఎక్స్ మీద కూడా నడవాలి. ఇలా కొత్త మెషీన్ మీదికి తేవడాన్నే పోర్టు అంటాం.

చెడేది ఎక్కువగా కోడులో రాయకుండానే నమ్మేసిన చోట. పాయింటరూ (మెమరీ అడ్రసు) ఇంటూ (మామూలు అంకె) ఒకే సైజని, తెరకు రంగులు ఎన్నైనా ఉంటాయని, కిటికీ ఒకసారి గీస్తే అలాగే ఉంటుందని నమ్మేసి ఉంటాం. వీటిలో చాలా భాగం ఎదుటి మెషీన్ ముఖం చూడకుండానే, విజయవాడలో మీ బల్ల మీదే పట్టుకోవచ్చు. పాత స్పార్క్ పెట్టె ఇక్కడ అద్దెకు దొరకదు, దొరికినా దాని ముందు కూర్చునే సమయం తక్కువ. కాబట్టి మెషీన్ వచ్చేలోపే పని ఎంతవరకు లాగవచ్చో చూసుకుని ఆ వరసలోనే వెళదాం.

ముందు రెండు చివరలూ విడదీయండి

ఎక్స్11 1987లో వచ్చినప్పటి నుంచీ ప్రోగ్రాం ఒక మెషీన్ మీద, తెర ఇంకో మెషీన్ మీద ఉండవచ్చు. కాబట్టి పోర్టుకు రెండు చివరలున్నాయి. ప్రోగ్రాం నడిచే వైపు ప్రాసెసర్, ఆపరేటింగ్ సిస్టం, కంపైలర్ మారతాయి. తెర ఉన్న వైపు రంగుల లోతు, కీబోర్డు, ఫాంట్లు, కిటికీలకు చట్రం, టైటిల్ పట్టీ వేసే విండో మేనేజర్ మారతాయి. రెండూ ఒకేసారి మారిస్తే ఏ తప్పు ఎక్కడిదో తేలదు.

పాత మెషీన్ మీద ప్రోగ్రాం నడిపి తెరను కొత్త మెషీన్‌కు పంపండి. తర్వాత ప్రోగ్రాం కొత్త దాని మీద, తెర పాత దాని మీద. చివరికి రెండూ కొత్తదాని మీద. మొదటి పరీక్షలో చెడితే తెర వైపు సమస్య, రెండోదానిలో చెడితే ప్రాసెసర్ లేదా కంపైలర్ వైపు సమస్య. ఇప్పటి ఎక్స్ సర్వర్లు (తెరను నడిపే ప్రోగ్రాములు) మామూలుగా నెట్‌వర్క్ మీద నేరుగా వినవు (పాత పద్ధతిలో 6000వ పోర్టు), అందుకని ఎస్ఎస్‌హెచ్ (దూరపు మెషీన్‌లోకి భద్రంగా వెళ్లే దారి) ఫార్వర్డింగ్ వాడాలి. అందులో ఇంగ్లీషు పెద్ద ఎక్స్ అక్షరం ఆప్షన్ పరాయి ప్రోగ్రాంను నమ్మదు, కొన్ని రిక్వెస్టులు తిరస్కరిస్తుంది. పోర్టింగ్ పరీక్షకు పెద్ద వై ఆప్షన్ పెట్టండి, లేకపోతే లేని తప్పుల కోసం వెతుకుతూ కూర్చుంటారు.

ఈ పరీక్షలోనే బయటపడేది ఇంకోటుంది. టూల్‌కిట్ బొమ్మలు వేగంగా పంపడానికి ప్రోగ్రాం, సర్వర్ ఒకే మెమరీని పంచుకునే షేర్డ్ మెమరీ ఎక్స్‌టెన్షన్ వాడుతుంటే, అది ఉందా అని అడిగితే దూరపు సర్వర్ కూడా "ఉంది" అనే చెబుతుంది. దానికి ఉన్న మాట నిజమే, కానీ మీ మెషీన్ మెమరీ దానికి అందదు. అటాచ్ చేసే పిలుపు దగ్గర యాక్సెస్ ఎర్రర్ వచ్చి ప్రోగ్రాం మూసుకుపోతుంది. సొంత ఎర్రర్ హ్యాండ్లర్ పెట్టి, అటాచ్ చేసి, వెంటనే ఎక్స్‌సింక్ (సర్వర్ జవాబిచ్చేదాకా ఆగే పిలుపు) పిలిచి, ఎర్రర్ వచ్చిందేమో చూసుకోండి. వస్తే మామూలు దారిలో పంపండి.

ఎదుటి మెషీన్ పరిస్థితులు మీ బల్ల మీదికి

మామూలు లినక్స్ లాప్‌టాప్ చాలు. ఎక్స్‌విఎఫ్‌బి అనే సర్వర్ తెర లేకుండానే మెమరీలో తెరను నడుపుతుంది. దాన్ని 8 బిట్ల లోతుతో ఒకసారి, 16తో ఒకసారి, 24తో ఒకసారి పైకి లేపండి. మూడింటి మీదా కాటా చీటీ తెర గీయించి, స్క్రీన్ డంప్ తీసి పక్కపక్కన పెట్టి చూడండి. కంటితో చూస్తూ మౌస్ ఆడించాల్సి వస్తే కిటికీలో కిటికీలా నడిచే జెఫిర్ వాడండి.

బైట్ల వరస తిరగబడే మెషీన్ కావాలంటే వేరే ప్రాసెసర్‌ను అనుకరించే క్యూఎమ్యూ ఉంది. ఐబిఎం మెయిన్‌ఫ్రేమ్ వర్గానికి చెందిన ఎస్390ఎక్స్‌కు డెబియన్ లినక్స్ ప్యాకేజీలు ఇస్తోంది. అది 64 బిట్లది, పైగా అంకెలోని పెద్ద విలువ బైటును, అంటే పెద్ద కొసను, ముందు పెట్టే రకం. ఒక డైరెక్టరీలో ఆ డెబియన్ దించి, యూజర్ మోడ్ క్యూఎమ్యూతో లోపలికి వెళ్లి, కంపైల్ చేసి, తెరను మీ సొంత సర్వర్ మీదే చూపించండి. నిదానంగా నడుస్తుంది, కానీ ఐదు గళ్ల తెరకు ఆ వేగం సరిపోతుంది.

ఒక లోటు తెలుసుకోండి. స్పార్క్ ప్రాసెసర్ 4తో భాగించబడని అడ్రసు నుంచి ఇంట్ చదవమంటే బస్ ఎర్రర్‌తో ఆపేస్తుంది. ఇంటెల్ నోరెత్తదు, పైన చెప్పిన ఎస్390ఎక్స్ క్యూఎమ్యూ కూడా నోరెత్తదు. దీన్ని పట్టడానికి జిసిసి, క్లాంగ్ కంపైలర్లలో అన్‌డిఫైన్డ్ బిహేవియర్ శానిటైజర్ ఉంది. దానితో కట్టి నడిపితే అలైన్‌మెంట్ తప్పిన ప్రతి లైనూ నంబరుతో సహా చూపిస్తుంది. కేర్ (ఒక బైటు అక్షరం) బఫర్‌లోకి ఫైలు చదివి, మధ్యలో ఒక చోటును ఇంట్ పాయింటర్‌గా మార్చిన చోట్లే ఎక్కువగా వస్తాయి. మందు మెమ్‌కాపీ, అంటే ఆ బైట్లను ఇంట్‌లోకి నకలు చేసుకోవడం.

కంపైలర్ ముందు మెట్టు

పాత టూల్‌కిట్ కోడు కొత్త జిసిసి ముందు పెడితే మొదటి రోజే వందల ఎర్రర్లు కురుస్తాయి. భయపడొద్దు, వాటి మూలాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. 2024లో వచ్చిన జిసిసి 14 నుంచి, డిక్లరేషన్ లేని ఫంక్షన్‌ను పిలవడం, పాయింటర్‌ను చెప్పకుండా ఇంట్‌లో వేయడం హెచ్చరికలు కావు, ఎర్రర్లే. 2025లో వచ్చిన జిసిసి 15 ఏమీ చెప్పకపోతే సి23 ప్రమాణం పట్టుకుంటుంది. అందులో ఖాళీ బ్రాకెట్ల ఫంక్షన్‌కు "ఆర్గ్యుమెంట్లు లేవు" అని అర్థం. పాత టూల్‌కిట్లలో కాల్‌బ్యాక్‌లన్నీ (బటన్ నొక్కితే పిలిచే ఫంక్షన్లు) ఖాళీ బ్రాకెట్లతోనే ఉంటాయి. బూల్ అనే పేరు కూడా ఇప్పుడు భాషలో మాట అయిపోయింది కాబట్టి, దాన్ని టైప్‌డెఫ్ చేసిన హెడర్ అక్కడికక్కడే ఆగిపోతుంది.

ఎర్రర్లను నోరు మూయించే ఆప్షన్లు వేసి ముందుకు వెళ్లడం తప్పు పని. ప్రమాణాన్ని మాత్రం జిఎన్‌యు 17కి దించండి, మిగతా హెచ్చరికలన్నీ తెరిచే ఉంచండి. డిక్లరేషన్ లేని ఫంక్షన్ 64 బిట్ల మీద ఎందుకు ప్రాణాంతకమంటే, అది ఇంట్ ఇస్తుందని పాత కంపైలర్ అనుకుంటుంది. నిజంగా అది ఇచ్చేది పాయింటర్ అయితే పై 32 బిట్లు తెగిపోతాయి. అడ్రసు 214 కోట్ల లోపు ఉన్నంతకాలం అది పనిచేస్తూనే ఉంటుంది. కొట్టులో ఫైలు పెద్దదై మెమరీ పైకి పాకిన రోజున కూలుతుంది.

కేర్ సంగతి చూడండి. ఇంటెల్ లినక్స్‌లో కేర్‌కు ప్లస్, మైనస్ రెండూ ఉంటాయి. ఆర్మ్ లినక్స్‌లో, ఏఐఎక్స్‌లో మైనస్ ఉండదు. మ్యాక్‌లో ప్రాసెసర్ ఆర్మ్ అయినా మైనస్ ఉంటుంది. కాటా ఇండికేటర్ నుంచి సీరియల్ పోర్టు మీద అక్షరాలు చదివే లూప్ "ఫైలు ముగిసింది" అనే గుర్తును, అంటే మైనస్ 1ని, కేర్‌లో పట్టుకుంటుంటే ఆర్మ్ బోర్డు మీద ఆ పోలిక ఎప్పటికీ నిజం కాదు. కేబుల్ ఊడిన క్షణం నుంచి లూప్ ఆగదు, తెర బిగుసుకుపోతుంది. ఆ వేరియబుల్‌ను ఇంట్ చేస్తే చాలు. ఇలాంటివి ఇంటెల్ మీదే బయటకు లాగడానికి జిసిసికి అన్‌సైన్డ్ కేర్ ఆప్షన్ ఇచ్చి ఒకసారి కట్టి చూడండి.

64 బిట్లు: ఆట్రిబ్యూట్ జాబితాలు, ప్రాపర్టీలు

ఇక్కడ ఎక్కువసేపు ఆగాలి, టూల్‌కిట్ పోర్టుల్లో దుర్మార్గమైన తప్పులు ఉండేది ఈ రెండింటిలోనే.

సన్ వాళ్ల ఎక్స్‌వ్యూ తరహాలో రాసిన టూల్‌కిట్లలో కిటికీ పుట్టించేటప్పుడు ఆట్రిబ్యూటు (వెడల్పు, పేరు లాంటి లక్షణం), దాని విలువ, ఇంకో ఆట్రిబ్యూటు, దాని విలువ అని ఒకే పిలుపులో వరసగా ఇచ్చి, చివర సున్నా పెడతారు. లోపల ప్రతిదాన్నీ పాయింటర్ సైజులో చదువుకుంటూ పోతారు. 32 బిట్ల మీద ఇంటూ పాయింటరూ 4 బైట్లే కాబట్టి ఎవరికీ నొప్పి లేదు. 64 బిట్ల మీద మీరు పెట్టిన సున్నా 4 బైట్ల ఇంట్, చదివేది 8 బైట్లు.

అయినా వెంటనే కూలదు. 64 బిట్ల ఇంటెల్ లినక్స్‌లో మొదటి ఆరు ఆర్గ్యుమెంట్లు రిజిస్టర్లలో వెళతాయి. రిజిస్టర్‌లో 32 బిట్లు రాస్తే పై సగం దానంతటదే సున్నా అవుతుంది. ఏడో ఆర్గ్యుమెంట్ నుంచి స్టాక్ మీదికి వెళతాయి. అక్కడ 8 బైట్ల గడిలో కింది 4 బైట్లే రాసి, పై 4 బైట్లలో పాత చెత్త వదిలేసే హక్కు కంపైలర్‌కు ఉంది. అంటే రెండు ఆట్రిబ్యూట్ల బటన్ బాగానే ఉంటుంది, నాలుగు ఆట్రిబ్యూట్ల గడి కూలుతుంది. ఆప్టిమైజేషన్ మారిస్తే మళ్లీ బాగుంటుంది. "మొన్న పనిచేసింది కదా" అనే మాటకు ఇదే పుట్టిల్లు. ఆపిల్ ఆర్మ్ మీద మారే సంఖ్యలో వచ్చే ఆర్గ్యుమెంట్లన్నీ మొదటి నుంచే స్టాక్ మీద వెళతాయి, కాబట్టి అక్కడ ఈ చెత్త రెండో ఆర్గ్యుమెంట్ దగ్గరే రావచ్చు.

చేయాల్సింది: జాబితా చివరి సున్నా ఉన్న ప్రతి చోటా పాయింటర్‌గా మార్చిన సున్నా పెట్టండి. ఇంట్ విలువలన్నీ పాయింటర్ సైజు ఇంటిజర్‌గా మార్చి పంపండి. లోపల చదివే చోట ఆట్రిబ్యూటు ఏ రకమో చూసి ఆ రకంగానే తీయండి. మాక్రోతో ఒక్క దెబ్బకు చేసేద్దామనిపిస్తుంది, కానీ ఫైళ్లన్నీ ఒకసారి చేత్తో తిరగేయడమే మేలు. జిసిసికి సెంటినెల్ అనే ఫంక్షన్ గుర్తు ఒకటుంది. డిక్లరేషన్‌కు అది తగిలిస్తే, చివర పాయింటర్ సున్నా లేని పిలుపులన్నీ కంపైలరే చూపిస్తుంది.

రెండోది విండో ప్రాపర్టీలు, అంటే విండో మేనేజర్ లాంటివి చదువుకోవడానికి కిటికీకి తగిలించే సమాచారం. ఎక్స్‌లిబ్‌లో ప్రాపర్టీ పెట్టేటప్పుడు ఫార్మాట్ 32 అని చెబితే, తీగ మీద వెళ్లేది 32 బిట్లే అయినా, మీరు ఇవ్వాల్సింది లాంగ్‌ల వరస. 64 బిట్ల లినక్స్ మీద లాంగ్ 8 బైట్లు. పాత నియమమే, ఇప్పటికీ జారిపడుతూనే ఉంటారు.

కిటికీ అలంకారం కోరే మోటిఫ్ హింట్స్ ప్రాపర్టీ తీసుకోండి. అందులో ఐదు అంకెలు: జెండాలు, ఫంక్షన్లు, అలంకారాలు, ఇన్‌పుట్ పద్ధతి, స్థితి. టైటిల్ పట్టీ కావాలని 2, 0, 1, 0, 0 పెట్టారు, కానీ స్ట్రక్చర్‌లో ఇంట్‌లుగా రాశారు. ఎక్స్‌లిబ్ దాన్ని 8 బైట్ల లాంగ్‌లుగా చదువుతుంది. ఇంటెల్, ఆర్మ్ మీద మొదటి లాంగ్ కింది సగంలో దొరికేది మొదటి ఇంట్, 2. రెండో దానిలో మూడో ఇంట్, 1. మూడో దానిలో ఐదో ఇంట్, 0. నాలుగు, ఐదు మీ స్ట్రక్చర్ దాటి ఎక్కడివో. విండో మేనేజర్‌కు అందింది "అలంకారాలు: సున్నా". టైటిల్ పట్టీ మాయం.

ఇదే కోడు ఎస్390ఎక్స్ మీద నడిపితే ప్రతి లాంగ్ కింది సగంలో ఉండేది జంటలో రెండో ఇంట్. జెండాల చోట 0 వెళుతుంది. అంటే హింట్స్ లేనట్టే. విండో మేనేజర్ తన ఇష్టప్రకారం టైటిల్ పట్టీ వేస్తుంది, తెర చక్కగా కనిపిస్తుంది. తప్పు కోడుకు సరైన బొమ్మ. అందుకే కంటితో చూసి వదలకుండా ఎక్స్‌ప్రాప్ అనే పనిముట్టుతో ప్రాపర్టీ అంకెలు చదివి రెండు మెషీన్లలో పోల్చాలి. ప్రాపర్టీ తిరిగి చదివే వైపు కూడా ఇదే నియమం, అక్కడ ఇంట్ పాయింటర్‌తో నడిస్తే ప్రతి రెండో విలువ సున్నాగా కనిపిస్తుంది.

రంగులు: ఎర్ర మిరపకాయ పచ్చిమిరపకాయ అయితే

ఎక్స్ కనెక్షన్ తెరిచేటప్పుడు ప్రోగ్రాం పంపే మొదటి బైటే బైట్ల వరస చెబుతుంది. పెద్ద కొస ముందైతే ఇంగ్లీషు పెద్ద బి అక్షరం, 66. చిన్న కొస ముందైతే చిన్న ఎల్ అక్షరం, 108. తర్వాత రిక్వెస్టుల్లోని అంకెలన్నీ సర్వరే తిప్పుకుంటుంది. బొమ్మల లోపలి బైట్లు మాత్రం ఈ ఒప్పందంలోకి రావు. అక్కడ సర్వర్ తన వరస చెబుతుంది, దానికి తగ్గట్టు పంపడం మన పని.

మిరపకాయ బొమ్మ 32 చుక్కల వెడల్పు, 32 ఎత్తు, చుక్కకు 4 బైట్లు, మొత్తం 4096 బైట్లు. ఇంటిజర్ల వరసలో ఎరుపు, పచ్చ, నీలం పెట్టి నేరుగా ఇమేజ్ డేటాలో వేశారనుకోండి. ప్రోగ్రాం వరస, ఇమేజ్ వరస వేరైతే 4 బైట్లూ తిరగబడతాయి. ముదురు ఎరుపు చుక్కలో ఎరుపు బైట్ పచ్చ ఉండాల్సిన చోట పడుతుంది. ఎర్ర మిరపకాయ పచ్చిమిరపకాయ అవుతుంది, తెల్ల నేపథ్యం పసుపవుతుంది, నీలం నలుపవుతుంది. ఈ మూడు గుర్తులూ కలిసి కనిపిస్తే ఇంకేమీ వెతకొద్దు, బైట్ల వరసే. ఎరుపు, నీలం మాత్రమే చోట్లు మార్చుకుని పచ్చ అలాగే ఉంటే అది వేరే తప్పు: విజువల్‌లోని, అంటే తెర రంగులను ఎలా పెడుతుందో చెప్పే వర్ణనలోని, రంగు మాస్కులు చదవకుండా ఊహించారు.

ఇమేజ్ స్ట్రక్చర్‌లో బైట్ ఆర్డర్ అనే గడి ఉంది. దాన్ని మీ మెషీన్ వరసకు మార్చి పుట్ ఇమేజ్ పిలిస్తే ఎక్స్‌లిబ్ తిప్పి పంపుతుంది. పుట్ పిక్సెల్‌తో ఒక్కో చుక్కా వేయడం కూడా సరైనదే, పెద్ద బొమ్మలకు మాత్రం నత్తనడక. ఒక బిట్ లోతు బొమ్మలను ఎక్స్‌బిఎం రూపంలో దాచితే ఈ గొడవ లేదు, ఆ రూపం బైట్లలోనే ఉంటుంది.

8 బిట్ల తెర మీద మొత్తం రంగుల గళ్లు 256. వాటిని అన్ని ప్రోగ్రాములూ పంచుకుంటాయి. రంగు అడిగే అలోక్ కలర్ పిలుపు విఫలమైతే ఏం చేయాలో పాత కోడులో చాలాసార్లు రాసి ఉండదు. దొరికిన వాటిలో దగ్గరి రంగు వెతికి తీసుకోండి. సొంత కలర్‌మ్యాప్ (రంగుల పట్టిక) పెట్టుకుంటే మీ కిటికీ మీదికి మౌస్ వెళ్లినప్పుడల్లా మిగతా తెరంతా రంగులు మారిపోతుంది. టూల్‌కిట్‌కు ఆ పని తగదు, పెట్టొద్దు.

సిలికాన్ గ్రాఫిక్స్, సన్ మెషీన్లలో ఒకే తెర మీద 8 బిట్ల విజువల్, 24 బిట్ల విజువల్ రెండూ ఉంటాయి. డిఫాల్ట్ కానిదానితో కిటికీ పుట్టించేటప్పుడు ఆ విజువల్‌కు సరిపడే కలర్‌మ్యాప్, బోర్డర్ పిక్సెల్ రెండూ ఇవ్వాలి. బోర్డర్ వెడల్పు సున్నా అయినా సరే ఇవ్వాలి, ఇవ్వకపోతే మ్యాచ్ ఎర్రర్ వస్తుంది. గ్రాఫిక్స్ కాంటెక్స్టు (గీసే అమరికలు), పిక్స్‌మ్యాప్ (తెర బయట దాచిన బొమ్మ) లోతు కూడా ఆ కిటికీ లోతుకు సరిపోవాలి.

విండో మేనేజర్లు, కీబోర్డు

కిటికీ ఒకసారి గీసి వదిలేస్తే కొన్ని సర్వర్లు కప్పబడిన భాగాన్ని తామే దాచి తిరిగి చూపిస్తాయి. అది వాళ్ల దయ. ఇంకో సర్వర్ మీద అదే తెర తెల్లకాగితం అవుతుంది. కిటికీ భాగం బయటపడిందని చెప్పే ఎక్స్‌పోజ్ ఈవెంట్ వచ్చిన ప్రతిసారీ గీయాల్సిందే, మొదటి ఎక్స్‌పోజ్ రాకముందు గీసింది లెక్కలోకి రాదు.

కిటికీ మూసిన చోటే మళ్లీ తెరవాలని స్థానం దాచుకుంటే, ప్రతిసారీ టైటిల్ పట్టీ ఎత్తు మేర కిందికి జారుతుంది. పది రోజుల్లో "చీటీ తీయి" బటన్ తెర అడుగుకు పోతుంది. మీరు దాచింది లోపలి కిటికీ మూల, తిరిగి ఇస్తే విండో మేనేజర్ దాన్ని బయటి చట్రం మూలగా తీసుకుంటుంది. తిరిగి పెట్టేటప్పుడు సైజు హింట్స్‌లో స్టాటిక్ గ్రావిటీ పెట్టండి, అంటే ఇచ్చింది లోపలి కిటికీ మూలేనని చెప్పండి.

మూసే బటన్ నొక్కితే ప్రోగ్రాం "కనెక్షన్ తెగింది" అంటూ చస్తుంటే, మూసుకోమని ప్రోగ్రాంను ముందుగా అడిగే డిలీట్ విండో ప్రొటోకాల్ పెట్టలేదని అర్థం. ఎం‌డబ్ల్యుఎం అయినా, ఇప్పటి మట్టర్ అయినా, ఏ విండో మేనేజరైనా కోరేది ఇదే.

కీబోర్డులో మొదటి సూత్రం, మాడ్1 నుంచి మాడ్5 వరకు (ఆల్ట్, నమ్ లాక్ లాంటివాటి గుర్తులు) ఏది ఏ కీ అన్నది ఎక్కడా రాసిపెట్టి లేదు. పీసీ లినక్స్‌లో నమ్ లాక్ మాడ్2 మీద ఉంటుంది, ఇంకో కంపెనీ మెషీన్‌లో ఉండాలని లేదు. మాడిఫైయర్ మ్యాపింగ్ అడిగి, నమ్ లాక్ కీసిమ్ (కీ అర్థానికి ఎక్స్ ఇచ్చే అంకె) ఏ బిట్ మీదుందో కనుక్కుని ఆ బిట్‌ను పోలికల నుంచి తీసేయండి. లేదంటే బరువు కొట్టడానికి గుమస్తా నమ్ లాక్ వేయగానే మీ షార్ట్‌కట్లన్నీ చచ్చిపోతాయి.

సన్ కీబోర్డు ఎడమ పక్క స్టాప్, అగైన్, కాపీ, పేస్ట్, కట్ లాంటి పది కీలున్నాయి. వాటి పేర్లు ఎల్1 నుంచి ఎల్10. ఎక్స్ కీసిమ్ పట్టికలో ఎల్1కు, ఎఫ్11కు ఒకే అంకె. ఎల్10కు, ఎఫ్20కి ఒకే అంకె. సన్ మీద పుట్టిన టూల్‌కిట్‌ను పీసీకి తెస్తే ఎఫ్11 నొక్కగానే స్టాప్ అయిపోతుంది. కాపీ, పేస్ట్, కట్ మాత్రం ఎఫ్16, ఎఫ్18, ఎఫ్20 అవుతాయి, మామూలు పీసీ కీబోర్డు మీద ఆ కీలే లేవు. కాబట్టి కీల పట్టికను కోడు నుంచి తీసి రిసోర్స్ ఫైల్లో పెట్టండి.

తెలుగు అక్షరాలు

పాత టూల్‌కిట్ కోర్ ఫాంట్లతో, ఒక కోడుకు ఒక బొమ్మ లెక్కన గీస్తుంది. తెలుగుకు అది ఎప్పటికీ సరిపోదు. ఫాంట్ పొరను విడదీసి కింద హార్ఫ్‌బజ్ (అక్షరాలను కలిపి రూపం ఇచ్చేది, అదే షేపింగ్), ఫ్రీటైప్ (ఫాంటును గీసేది) పెట్టండి, లేదా రెండింటినీ కలుపుకున్న పాంగో పెట్టండి. దీన్ని పోర్టుతో పాటే చేయడం మంచిది, ఎందుకంటే ఫాంట్ పేర్లు మెషీన్ మెషీన్‌కూ మారేవే.

"మిర్చి" అన్న మాట చూడండి. తెర మీద రెండక్షరాలు. యూనికోడ్‌లో ఆరు కోడ్‌పాయింట్లు: మ, గుడి, ర, పొల్లు, చ, గుడి. యుటిఎఫ్-8లో 18 బైట్లు. గడి పొడవు 20 బైట్లని పాత కోడు పెట్టి ఉంటే ఆరు కోడ్‌పాయింట్లకే నిండిపోతుంది. ఏడోదాని రెండు బైట్లు మిగిలి, తెగిన అక్షరం చోట పెట్టె గుర్తు వస్తుంది. వెడల్పు కొలిచేటప్పుడు ఒక్కో కోడ్‌పాయింట్ వెడల్పు కూడితే తప్పు, చాలా వత్తులు కిందికి వెళతాయి కానీ పక్కకు రావు. షేపింగ్ అయ్యాక వచ్చిన మొత్తమే తీసుకోండి. కర్సర్ అక్షరం అక్షరంగా కదలాలి. బ్యాక్‌స్పేస్ మాత్రం ఒక్కో కోడ్‌పాయింట్ తీయడమే మేలు, గుణింతం తప్పు కొట్టినప్పుడు అక్షరమంతా పోతే టైపు చేసేవాళ్లకు ఒళ్లు మండుతుంది.

వరుస ఎత్తు 16 చుక్కలని రాసిపెట్టిన టూల్‌కిట్‌లో వత్తుల పాదాలు తెగుతాయి. ఎత్తును ఫాంట్ అసెంట్ (గీతకు పై ఎత్తు), డిసెంట్ (కింది లోతు) కూడి తీసుకోండి. పరీక్షకు మన ఊళ్ల పేర్లే చక్కటి సరుకు: లక్ష్మీపురం, కృష్ణలంక, స్తంభాలగరువు. మూడు హల్లుల కట్టకు "స్త్రీ", "రాష్ట్రం" కలపండి. లినక్స్‌లో నోటో, లోహిత్, పాత విండోస్‌లో గౌతమి, మ్యాక్‌లో కోహినూర్ తెలుగు ఉంటాయి. పేరు పట్టుకుని వేలాడకుండా, లినక్స్‌లో ఫాంట్‌కాన్ఫిగ్‌ను "తెలుగు వచ్చినది ఇవ్వు" అని అడగండి.

తెలుగు టైటిల్ పట్టీలో ప్రశ్నార్థకాలుగా వస్తే, పాత డబ్ల్యుఎం నేమ్ ప్రాపర్టీలో లాటిన్ స్ట్రింగ్‌గా వేశారని అర్థం. కొత్త విండో మేనేజర్ల కోసం నెట్ డబ్ల్యుఎం నేమ్ యుటిఎఫ్-8లో కూడా పెట్టండి. కీల వైపు, ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్ నుంచి వచ్చే తెలుగు కీసిమ్‌లు యూనికోడ్ సంఖ్యకు 16777216 కలిపినవి. 255 దాటిన కీసిమ్ అక్షరం కాదని వదిలేసే పాత పరీక్ష ఉంటే తీసేయండి.

ఈవెంట్ లూప్, లైబ్రరీలు

ఈవెంట్ వచ్చేదాకా ఆగే సెలెక్ట్ పిలుపు అన్ని యూనిక్స్‌లలో ఉంది కానీ పాత హెచ్‌పి-యుఎక్స్ దాని ఆర్గ్యుమెంట్లను ఇంట్ పాయింటర్లుగా అడుగుతుంది, ఏఐఎక్స్‌కు వేరే హెడర్ కావాలి. సెలెక్ట్‌లోకి వెళ్లేముందు ఎక్స్‌లిబ్ క్యూలో ఈవెంట్లు మిగిలాయేమో ఎక్స్‌పెండింగ్‌తో చూడండి. సాకెట్ ఖాళీగా ఉండి క్యూ నిండి ఉంటే, మౌస్ కదిపేదాకా తెర కదలదు. సిగ్నల్ పిలుపు సిస్టం ఫైవ్ వంశంలో ఒకసారి పనిచేసి పాత స్థితికి పోతుంది, బిఎస్‌డి వంశంలో నిలుస్తుంది. సిగ్‌యాక్షన్ వాడితే ఆ తేడా పోతుంది. ఎక్స్‌వ్యూ నోటిఫయర్ లాంటివి రీడ్, సెలెక్ట్ పిలుపులను మధ్యలోనే పట్టుకుంటాయి. అలాంటి కోడు మీ దగ్గరుంటే పోర్టులో మొదట తీసేయాల్సింది అదే.

ఖాళీ లేబుల్‌కు సున్నా పాయింటర్ ఇచ్చి ప్రింట్ చేస్తే లినక్స్ "నల్" అని రాసి ఊరుకుంటుంది, సోలారిస్ కూలుతుంది. ఏఐఎక్స్‌లో సున్నా అడ్రసు చదవనిస్తుంది. అందుకే అక్కడ బాగా నడిచిందన్న సాక్ష్యం చెల్లదు.

షేర్డ్ లైబ్రరీ కొస సోలారిస్, లినక్స్‌లలో ఎస్ఓ, పాత హెచ్‌పిలో ఎస్ఎల్, ఏఐఎక్స్‌లో మామూలు ఆర్కైవ్ లోపలే, మ్యాక్‌లో డైలిబ్. ఇవన్నీ లైబ్రరీలు కట్టిపెట్టే లిబ్‌టూల్‌కు వదిలేయండి. సోర్స్‌లో కంపెనీ పేరు పట్టుకుని "సన్ అయితే ఇది, హెచ్‌పి అయితే అది" అని రాయొద్దు. "సెలెక్ట్ ఆర్గ్యుమెంట్లు ఏ రకం?" అని మెషీన్‌ను పరీక్షించి చెప్పే ఆటోకాన్ఫ్ చేత అడిగించి ఆ జవాబు మీద రాయండి. కొత్త మెషీన్ వచ్చినప్పుడు ముట్టుకోవాల్సిన ఫైళ్లు తగ్గేది అలాగే.

తప్పు పట్టుకోవడం, కొట్టులో ఎక్కించడం

ఎక్స్ ఎర్రర్లు ఆలస్యంగా వస్తాయి. రిక్వెస్టులు బఫర్‌లో పేరుకుని ఒకేసారి వెళతాయి కాబట్టి, కూలిన లైను అసలు దొంగ కాదు. ఎర్రర్ సందేశంలో రెండు సీరియల్ నంబర్లుంటాయి: చెడిన రిక్వెస్టుది ఒకటి, ఇప్పటిది ఒకటి. వాటి తేడా చూస్తే ఎంత వెనక్కి వెతకాలో తెలుస్తుంది. ఎక్స్‌సింక్రనైజ్ ఆన్ చేసి, ఎర్రర్ హ్యాండ్లర్ దగ్గర డీబగ్గర్ బ్రేక్‌పాయింట్ పెడితే సరిగ్గా ఆ పిలుపు దగ్గరే ఆగుతుంది.

మెనూ తెరిచి ఉండగా బ్రేక్‌పాయింట్ తగిలిందా, మౌస్ ఆ ప్రోగ్రాం గుప్పిట్లో ఉంటుంది, తెరంతా బిగుసుకుంటుంది. పవర్ బటన్ జోలికి పోకుండా ఇంకో మెషీన్ నుంచి ఎస్ఎస్‌హెచ్‌తో వచ్చి డీబగ్గర్‌ను చంపండి. మెనూల పని మొత్తం జెఫిర్ లోపల చేస్తే ఆ బాధే ఉండదు.

చివరికి నిజమైన మెషీన్ చేతికొచ్చినప్పుడు మూడు పరీక్షలు చాలు. 52 టిక్కీలు, 2184 కిలోల చీటీ ఒకటి లక్ష్మీపురం పేరుతో తీయండి. కిటికీని పదిసార్లు మూసి తెరిచి జారిందేమో చూడండి. ఎక్స్‌ప్రాప్ అంకెలు మీ బల్ల మీది వాటితో పోల్చండి. కొట్టులో ఎక్కించడం మాత్రం యార్డుకు వేసవి సెలవులు ఇచ్చాక పెట్టుకోండి. ఫిబ్రవరి, మార్చిల్లో సరుకు ముంచెత్తుతున్నప్పుడు గుమస్తా ముందున్న తెర మార్చే సాహసం చేయొద్దు, పాత పీసీని కూడా ఇంకో సీజను గడిచేదాకా పక్కనే ఉంచండి.